మూత తీసే ముందు

పెట్రోలు బంకుకు రోజూ వెళ్లేవాళ్లలో నేల కింద ఏముందో చూసినవాళ్లు తక్కువ. పైన మెరిసే పంపులు, అంకెలు తిరిగే మీటర్లు, టైర్లకు గాలి. కింద పాతిపెట్టిన ఇనప ట్యాంకులు. ఒకదాంట్లో పెట్రోలు, ఇంకోదాంట్లో డీజిల్. ఆ రెండింటికీ నోళ్లు పక్కపక్కనే, నాలుగడుగుల దూరంలో ఉంటాయి. వాటి మూతలు ఒకే సైజు. వాటికి తగిలించే హోస్ పైపూ ఒకటే. దీని మూతి దానికి సరిపోతుంది, దాని మూతి దీనికి సరిపోతుంది. తప్పు ట్యాంకుకు బిగిస్తే 'ఇది కాదు' అని అడ్డుపడే ఏర్పాటు నేను లోడు దింపిన బంకుల్లో ఎక్కడా కనిపించలేదు. అడ్డుపడాల్సింది మనిషే. ఆ మనిషి ట్యాంకర్ డ్రైవరు.

ఆ పనిలో నాది ఇరవై ఏళ్లు దాటిన అనుభవం. మొదట క్లీనరుగా, తర్వాత డ్రైవరుగా. విజయవాడ దగ్గర కొండపల్లి డిపోల్లో లోడు ఎత్తి కృష్ణా, గుంటూరు, ఖమ్మం వైపు బంకులకు చేరుస్తుంటాను. నాది 20 వేల లీటర్ల బండి. లోపల నాలుగు గదులు, మా భాషలో ఛాంబర్లు. ఒక్కోదాంట్లో 5 వేల లీటర్లు. చిన్న బంకులు బండి మొత్తం ఒకే సరుకు తీసుకోలేవు. అందుకని రెండు ఛాంబర్లలో పెట్రోలు, రెండింట్లో డీజిల్ తెప్పించుకుంటాయి. కాగితాల మీద వాటి పేర్లు కూడా వేరు. పెట్రోలుకు ఎంఎస్, అంటే మోటార్ స్పిరిట్. డీజిల్‌కు హెచ్‌ఎస్‌డీ, అంటే హైస్పీడ్ డీజిల్. ఏ ఛాంబర్లో ఏముందో చలానాలో రాసి ఉంటుంది. అది చదవకుండా వాల్వు తిప్పడమంటే చీటీ చూడకుండా మందు మింగడమే.

కలవడం అనేది మా వ్యాపారంలో కొత్తేమీ కాదు. విశాఖ నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్ వైపు దాదాపు 570 కిలోమీటర్ల పైపులైను ఉంది. అందులో పెట్రోలుకొక గొట్టం, డీజిల్‌కొక గొట్టం ఉండవు. ఒకే గొట్టంలో ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. రెండూ కలిసేచోట కొంత సరుకు అటూ ఇటూ కాకుండా పోతుంది. అది వచ్చే సమయం లెక్కగట్టి, సాంద్రత చూసి, ఆ ముక్కను విడిగా వేరే ట్యాంకులోకి మళ్లిస్తారు. అక్కడ దానికో పేరుంది, ఒక ట్యాంకుంది, చేయాల్సిన పద్ధతి ఉంది. కలవడాన్ని అక్కడ ఎవరూ నేరంగా చూడరు, దాచరు. అదే కలయిక బంకులో జరిగితే మాత్రం పేరూ ఉండదు, చోటూ ఉండదు. ఒక దోషి మాత్రం ఉంటాడు. నేను చెప్పదలచుకున్నదంతా ఈ తేడా గురించే.

ముందు, కలవకుండా చూసుకోవడం ఎలాగో చెప్తాను. బండి బంకులోకి వచ్చాక సమతలం మీద ఆపి, ఇంజన్ ఆపి, ఓ పది నిమిషాలు కదలకుండా ఉంచాలి. లోపల సరుకు కుదుటపడాలి. ఎర్త్ వైరు తగిలించాలి. సీళ్లు, తాళాలు చలానాతో సరిపోల్చుకోవాలి. ఛాంబరు మూత తీసి డిప్ రాడ్ వేసి మట్టం చూడాలి. రాడ్ కొసకు పేస్టు రాసి నీళ్లున్నాయేమో చూడాలి. తర్వాత గాజు జాడీలో నమూనా తీసి హైడ్రోమీటరు, థర్మామీటరు వేసి సాంద్రత లెక్కగట్టాలి. పెట్రోలు లీటరు 740 గ్రాములకు అటూఇటూగా తూగుతుంది. డీజిల్ 830కి అటూఇటూ. డిపో చలానాలో రాసిన సాంద్రతకూ, బంకులో తేలినదానికీ 15 డిగ్రీల దగ్గర మూడు పాయింట్లకు మించి తేడా ఉండకూడదని నిబంధన. నా లెక్క ప్రకారం వంద లీటర్ల పెట్రోలులో మూడు నాలుగు లీటర్ల డీజిల్ కలిసినా ముల్లు ఆ గీత దాటుతుంది. పాత పరికరమే, చవకదే. కానీ అబద్ధం చెప్పదు.

ఇవన్నీ బండిలో ఏముందో చెప్తాయి. నేల కింద ఏముందో చెప్పవు. అందుకే నేను మూడు విషయాలు బంకువాళ్ల నోటితో చెప్పించుకుంటాను. ఏ నోరు ఏ ట్యాంకుది? అందులో ఇప్పుడు ఎంత సరుకుంది? ఎంత ఖాళీ ఉంది? వాళ్లు వేలు పెట్టి చూపించాక, ట్యాంకు మూత తీసి వాసన చూసి, కాస్త నమూనా తీయించి, అప్పుడు హోస్ బిగిస్తాను. ఒక సరుకు దింపి రెండోది మొదలుపెట్టేముందు హోస్‌ను బండి వైపు నుంచి ఎత్తుకుంటూ వెళ్లి అందులో మిగిలిందంతా దాని ట్యాంకులోకే వంచేస్తాను. "ఏంటన్నా, మొదటిసారి వచ్చినట్టు చేస్తావు?" అని బంకు కుర్రాళ్లు నవ్వుతారు. నవ్వనీ. వందోసారి వచ్చిన బంకులోనే డ్రైవరు చూడకుండా చేయి పెడతాడు.

ఈ పద్ధతి నాకు పుస్తకాల్లోంచి రాలేదు. ప్రమాదకర సరుకు తోలేవాళ్లకు ఇచ్చే శిక్షణలో మంటల గురించి చెప్పారు, మంచిదే. ఈ జాగ్రత్త మాత్రం నాకు నేర్పింది నేను క్లీనరుగా ఉన్నప్పటి డ్రైవరు. మేమంతా ఆయన్ను బాబాయ్ అని పిలిచేవాళ్లం.

2006 వేసవిలో ఓ బంకులో సాయంత్రం పూట లోడు దింపుతున్నాం. వారం కిందటే ఆ బంకుకు రంగులేశారు. మూతలు రెండూ తీసి రంగు వేసి, ఆరాక మళ్లీ బిగించారు. ఒకదాని మూత ఇంకోదానికి. చూసినవాళ్లెవరూ లేరు. డీజిల్ రంగు మూత ఉన్న నోటికి బాబాయ్ డీజిల్ హోస్ బిగించాడు. బంకు కుర్రాడు పక్కనే నిలబడి "అదే, అదే" అన్నాడు. వాల్వు తిప్పాడు. సరుకు దిగడం మొదలైంది.

బాబాయ్ అలవాటు ప్రకారం వెంట్ పైపుల వైపు నడిచాడు. ట్యాంకులోకి సరుకు దిగుతుంటే లోపలున్న ఆవిరి వెంట్ పైపులోంచి బయటికి తోసుకొస్తుంది. ఏ ట్యాంకు నిండుతుంటే ఆ ట్యాంకు వాసన వస్తుంది. డీజిల్ దింపుతుంటే పెట్రోలు వాసన గుప్పుమంది. ఆయన వెనక్కి పరుగెత్తి వాల్వు కట్టేశాడు. "పంపులు ఆపండ్రా" అని కేకేశాడు. అప్పటికి దిగింది దాదాపు 800 లీటర్లు. పెట్రోలు పంపుల దగ్గర నాలుగైదు మోటారు సైకిళ్లున్నాయి. ఒక్కదానికీ కలిసిన సరుకు పోయలేదు.

తర్వాత ఆయన చేసినవన్నీ నాకు ఇప్పటికీ పాఠమే. హోస్ ఊడదీయలేదు. అధికారి వచ్చి చూసేదాకా ఎలా ఉన్నది అలాగే ఉండాలన్నాడు. రెండు ట్యాంకుల పంపులకూ కరెంటు తీయించాడు. రెండు ట్యాంకుల మట్టాలు, టైము చలానా వెనక రాశాడు. ఆయిల్ కంపెనీ అధికారికి, ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు తనే ఫోన్ చేశాడు. బంకు మేనేజరు, పాపం భయంతోనే కావచ్చు, "మోటారు పెట్టి మళ్లీ బండిలోకి తోడేద్దాం, ఎవరికీ తెలీదు" అన్నాడు. బాబాయ్ ఒప్పుకోలేదు. మామూలు మోటారుతో పెట్రోలు తోడడమంటే నిప్పుతో ఆడుకోవడమే. తోడినా అది ఇక డీజిలూ కాదు, పెట్రోలూ కాదు. దాన్ని ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరి బండిలో పోయాల్సిందే. మూడో రోజు కంపెనీవాళ్ల సమక్షంలో ఆ సరుకు తీయించి, సీలు వేసి డిపోకు పంపారు.

కలిస్తే ఏమవుతుందని చాలామంది అడుగుతుంటారు. డీజిల్ కలిసిన పెట్రోలు పోసుకున్న మోటారు సైకిలు దగ్గుతుంది, పొగ కక్కుతుంది, ఆగిపోతుంది. కార్బొరేటరు, ప్లగ్గు శుభ్రం చేయిస్తే పాత బళ్లు బతికేస్తాయి. పెట్రోలు కలిసిన డీజిల్ సంగతి వేరు. డీజిలే ఇంజన్ పంపుకు నూనె కూడా. అందులో పెట్రోలు చేరితే ఆ జిడ్డు పోతుంది. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లలో పంపు, ఇంజెక్టర్లు ఇనుముకు ఇనుము రాసుకుని పాడవుతాయి. బాగుచేయించడానికి అప్పు తీసుకోవాల్సి వస్తుంది. దానికంటే ప్రమాదం ఇంకోటుంది. మన ప్రమాణాల ప్రకారం డీజిల్ 35 డిగ్రీల లోపు వేడికి అంటుకునే ఆవిరి ఇవ్వకూడదు. పెట్రోలు సున్నా కంటే ఎంతో దిగువనే ఇస్తుంది. కాస్త పెట్రోలు కలిసినా డీజిల్ ఆ భద్రత పోగొట్టుకుంటుంది. ఊళ్లో జనరేటరు పక్కన డబ్బాలో డీజిల్ పెట్టుకునే మనిషికి తను పెట్టుకున్నది పెట్రోలు స్వభావమున్న సరుకని తెలియదు.

బాబాయ్ ఇంత చేసినందుకు ఆయనకు దక్కిందేమిటి? సరుకు ఖర్చు జీతంలోంచి కోస్తామన్నారు. బండి దింపేశారు. విచారణలో నన్ను కూడా పిలిచారు. ఓ కాగితం ముందు పెట్టారు. 'డ్రైవరు నిర్లక్ష్యం వల్ల' అని అప్పటికే టైపు చేసి ఉంది. కింద నా సంతకం కావాలి. "సంతకం పెట్టు, వచ్చే నెల నీకు బండి ఇస్తాం" అన్నాడు ట్రాన్స్‌పోర్టు యజమాని. అప్పుడు నాకు 24 ఏళ్లు. డ్రైవరు సీటు కోసం నాలుగేళ్లుగా ఎదురుచూస్తున్నవాణ్ణి. ఇంటి దగ్గర చెల్లెలి పెళ్లి కుదిరింది.

నేను ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు. ఇంకో కాగితం అడిగి నాకు తెలిసింది రాసిచ్చాను. మూతలు తారుమారై ఉన్న సంగతి, "అదే" అన్న కుర్రాడి సంగతి, వాల్వు ఎన్ని నిమిషాల్లో కట్టేశారన్నది, పంపులు ఎవరు ఆపించారన్నది. యజమాని చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత అది ఎక్కడికి పోయిందో తెలీదు. సీటు ఇంకొకరికి వెళ్లింది. నాకు రావడానికి ఇంకో మూడేళ్లు పట్టింది, వేరే ట్రాన్స్‌పోర్టులో. బాబాయ్ మళ్లీ ట్యాంకరు ఎక్కలేదు. ఇసుక లారీ తోలాడు. "ఇసుకలో ఏం కలిసినా ఎవడూ అడగడురా" అని నవ్వేవాడు. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

కొన్నేళ్ల తర్వాత డిపో బయట టీ కొట్టు దగ్గర ఇంకో సంగతి విన్నాను. వేరే జిల్లాలో ఇలాగే సరుకు కలిసింది. ఆ డ్రైవరూ, బంకు మేనేజరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. వాల్వు కట్టేసి, మిగిలింది సరైన ట్యాంకులో దింపి, చలానా మీద సంతకాలు పెట్టుకుని విడిపోయారు. తెల్లారేసరికి ఆటోలు ఆగిపోయాయి. ఎవరో ఒక రైతు ట్రాక్టరు పొలంలో నిలిచిపోయిందట. జనం బంకు మీదికొచ్చారు. 'కల్తీ' అన్నారు. బంకు యజమాని కొందరికి డబ్బిచ్చి పంపేశాడు. కాగితాల్లో ఏమీ లేదు కనుక డ్రైవరుకు ఏమీ కాలేదు. అతను ఇప్పటికీ ట్యాంకరే తోలుతున్నాడు, ఎదురైతే పలకరించుకుంటాం. చెడ్డవాడేమీ కాదు. ముగ్గురు పిల్లలు. బాబాయ్‌కి ఏం జరిగిందో అతనికీ తెలుసు.

చెప్పినవాడికి ఇసుక లారీ. చెప్పనివాడికి అదే ట్యాంకరు. ఈ రెండు ఉదాహరణలు కళ్లెదుట ఉన్నాక కొత్త డ్రైవరుకు ఏ శిక్షణ ఎక్కుతుంది?

జనం 'కల్తీ' అనడంలో తప్పు లేదు. ఆ మాట వెనక రక్తం ఉంది. 2005 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని లఖీంపూర్ ఖీరీలో, కల్తీ బంకును పట్టుకున్నందుకు మంజునాథ్ షణ్ముగం అనే యువ అధికారిని కాల్చి చంపారు. 2011 జనవరిలో మహారాష్ట్రలోని మన్మాడ్ దగ్గర అదనపు కలెక్టర్ యశ్వంత్ సోనావణేను ఆయిల్ దొంగలు తగలబెట్టారు. ఇలాంటివి చదివిన జనానికి ట్యాంకరు పక్కన నిలబడ్డ మనిషి అనుమానంగా కనిపించడం సహజం. కానీ దొంగతనంగా కలపడం వేరు, పొరపాటున కలవడం వేరు. మొదటిదానికి జైలు ఉండాలి. రెండోదానికి ఫోన్ నంబరు ఉండాలి. రెండింటికీ ఒకే శిక్ష వేస్తే రెండోది కూడా మొదటిదానిలాగే దాక్కుంటుంది.

ఇది మా ట్యాంకర్ల గొడవే కాదు. 2024 జనవరి మొదటి వారంలో హైదరాబాద్ బంకుల దగ్గర కిలోమీటర్ల పొడవున క్యూలు కట్టింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. అప్పుడు దేశమంతటా డ్రైవర్లు బళ్లు ఆపేశారు. ప్రమాదం చేసి, పోలీసులకు చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా జైలు అన్న కొత్త చట్టం నిబంధన మీద ఆ ఆందోళన. అదే ఏడాది జులై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఒక్క ఉపసెక్షన్‌ను పక్కన పెట్టారు. అందులో ఎవరిది న్యాయమన్నది పెద్ద చర్చ. నాకు అర్థమైంది మాత్రం చిన్నది. 'చెప్పి తీరాలి' అని శాసించేముందు, చెప్పినవాడు క్షేమంగా ఇంటికెళ్లే దారి కూడా చూపించాలి.

ఈ ఇరవై ఏళ్లలో పరికరాలు మారాయి. బండి ఎక్కడ ఆగిందో ఆఫీసులో కూర్చుని చూస్తున్నారు. చాలా బళ్లకు ఎలక్ట్రానిక్ తాళాలొచ్చాయి. చాలా బంకుల్లో ట్యాంకు మట్టం లోపలి తెర మీద కనిపిస్తుంది. డీజిల్ దింపుతుంటే పెట్రోలు అంకె పెరిగితే అప్పుడే తెలుస్తుంది, ఆ తెర వైపు చూసే మనిషి ఉంటే. ఇంకోపక్క కొత్త జాగ్రత్తలూ వచ్చాయి. 2025 నాటికి పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. ఇథనాల్ నీటిని పట్టేస్తుంది. నీళ్లు హద్దు దాటితే పెట్రోలును వదిలేసి నీళ్లతో కలిసి అడుక్కు దిగుతుంది. వానాకాలంలో మూత సరిగా పడని బంకులో దింపిన మంచి సరుకు కూడా మర్నాటికి చెడ్డ సరుకే.

2025 జూన్‌లో మధ్యప్రదేశ్‌లోని రత్లాంలో ముఖ్యమంత్రి కాన్వాయ్‌లోని 19 వాహనాలు డీజిల్ పోయించుకున్న కాసేపటికే వరుసగా ఆగిపోయాయి. డీజిల్‌లో నీళ్లు ఉన్నట్టు తేలి రాత్రికి రాత్రే బంకు సీలు చేశారు. పందొమ్మిది బళ్లు ఒకేసారి, ఒకేచోట ఆగాయి కాబట్టి సరిపోయింది. అదే ఆటోవాళ్లయితే ఒకడు రైలు గేటు దగ్గర, ఒకడు ఆస్పత్రి ముందు, ఒకడు ఇంటి దగ్గర ఆగిపోతారు. ఎవరి మెకానిక్ దగ్గరికి వాళ్లు పోతారు. వాళ్లందరిదీ ఒకే కథ అని తెలిసేది లోడు దింపినవాడు నోరు విప్పితేనే.

అందుకే నేను అడిగేవి పెద్ద కోరికలేమీ కావు. వాల్వు కట్టేసి, పంపులు ఆపించి, అరగంటలో కబురు చేసిన డ్రైవరు జీతం కోయకూడదు, బండి దింపకూడదు. మూతల మీద రంగుతో పాటు నోటి గొట్టం మీదే చెరగని అక్షరాల్లో పేరు ఉండాలి, ఎందుకంటే మూత కదులుతుంది, గొట్టం కదలదు. బంకుకు రంగులేసినా, గొట్టాలు మార్చినా, ఆ తర్వాత వచ్చే మొదటి లోడు దింపేముందు రెండు ట్యాంకుల నమూనాలూ తీయాలి. 'ఎన్ని ట్రిప్పులు కొట్టావు' అని మాత్రమే అడిగే ఆఫీసులు, ఒక్కో బంకులో డ్రైవరుకు ఎంత సమయం దొరుకుతోందో కూడా అడగాలి. తొందర పెట్టినవాడి పేరు ఏ విచారణ కాగితంలోనూ కనిపించదు.

నా బండిలో ఇప్పుడున్న క్లీనరు కుర్రాడు డిగ్రీ ఫెయిలై వచ్చాడు. చురుకైనవాడు. మొన్న అడిగాడు, "అన్నా, నిజంగా కలిసిపోతే ఏం చేయాలి? బాబాయ్‌లా చెప్పాలా?" అని. చెప్పాలన్నాను. "మరి బండి దింపేస్తే?" అన్నాడు. దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. 'నేను రాసిస్తాను' అన్నాను. ఇప్పటికి నేనివ్వగలిగిన హామీ అదొక్కటే.

చదువుతున్న మీకు కూడా ఒక మాట. బండిలో తప్పు సరుకు పోశారని అనుమానం వస్తే తాళం తిప్పకండి. తోసుకుని పక్కకు తీయండి, బిల్లు దాచుకోండి, నమూనా తీయించమని అడగండి. కదలని ఇంజన్‌కు చాలావరకు నష్టం ఉండదు. ఇంకోటి. బంకులో ట్యాంకరు నిలబడి ఉండి, కుర్రాడు చెయ్యి అడ్డుపెట్టి "కాసేపు ఆగండి సార్, లోడు దిగుతోంది" అంటే హారన్ కొట్టకండి. అక్కడ నేలమీద మోకాళ్లు ఆనించి గొట్టం మూతి దగ్గర ముక్కు పెట్టిన మనిషి మీ ఆలస్యం కోసం కాదు, మీ ఇంజన్ కోసమే చూస్తున్నాడు.